ఆటల కోసం ప్రాసెసర్ ఎంపిక: మానిటర్ నుంచి బిల్లు దాకా

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ దుకాణం ముందు కాసేపు నిలబడినా ఒక ప్రశ్న వినిపిస్తుంది: "ఐ7 ఎంత పడుతుంది?" అడగాల్సిన ప్రశ్నల్లో ఇది చిట్టచివరిది. ఐ7 ఒక ప్రాసెసర్ పేరు కాదు, ఇంటెల్ సంస్థ ప్రాసెసర్లలో ఒక వరుస పేరు. 2011లో వచ్చిన ఐ7-2600కూ ఆ పేరే, 2023లో వచ్చిన ఐ7-14700కేకూ ఆ పేరే. 2600లో 4 కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపించగల పనుల వరుసలు) ఉంటాయి. 2022 నాటి ఐ3-12100ఎఫ్‌లోనూ సరిగ్గా అన్నే ఉంటాయి. అయినా ఆ చిన్న ఐ3 ముందు ఈ పాత ఐ7 ఏ ఆటలోనూ నిలవలేదు. ఆన్‌లైన్‌లో "ఐ7 గేమింగ్ పీసీ" అని చవకగా అమ్మే పెట్టెల్లో చాలావాటిలో ఉండేది రెండో తరం, మూడో తరం చిప్పే. ప్రకటనలో తరం సంఖ్య కనిపించకపోతే అది మరచిపోయి వదిలేసినది కాదని అనుకోండి.

ఆటల కోసం కంప్యూటర్ కట్టించేటప్పుడు ప్రాసెసర్‌ను చివర్లో తేల్చాలి. ముందు మానిటర్, తర్వాత ఆటలు, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు. ఈ మూడూ తెలిస్తే మార్కెట్లో ఉన్న పదుల ప్రాసెసర్లలో మీకు మిగిలేవి రెండో మూడో.

మొదటి అడుగు: సెకనుకు ఎన్ని ఫ్రేములు కావాలి?

ఆటలో ప్రతి ఫ్రేము (తెరపై కనిపించే ఒక్కో బొమ్మ) వెనుకా రెండు పనులు జరుగుతాయి. మీరు నొక్కిన మీట ఏమిటి, శత్రువు ఎటు కదలాలి, విసిరిన గ్రెనేడు ఎక్కడ పడాలి, ఈ దృశ్యంలో ఏయే వస్తువులు గీయాలి అన్నవి ప్రాసెసర్ లెక్కలు. ఆ జాబితా అందుకుని పిక్సెళ్లు నింపడం గ్రాఫిక్స్ కార్డు పని. 60 హెర్ట్జ్ మానిటర్‌కు, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేదానికి, ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల గడువు ఉంటుంది. 144 హెర్ట్జ్‌కు అది 6.9కు, 240 హెర్ట్జ్‌కు 4.2కు దిగుతుంది. ప్రాసెసర్ తన లెక్కలన్నీ ఆ గడువులోపే ముగించాలి.

రిజల్యూషన్ సంగతి వేరు. 1080పీ తెరపై సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటే 4కే తెరపై 82.9 లక్షలుంటాయి. ఆ నాలుగింతల భారం పూర్తిగా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. శత్రువుల సంఖ్య మారలేదు కాబట్టి ప్రాసెసర్ పని దాదాపు అలాగే ఉంటుంది. అందుకే 4కే, 60 హెర్ట్జ్ టీవీ ముందు కూర్చుని నింపాదిగా కథల ఆటలు ఆడేవారికి ఖరీదైన ప్రాసెసర్ అక్కర్లేదు. 1080పీ, 240 హెర్ట్జ్ మానిటర్‌పై వాలొరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 ఆడేవారికి మాత్రం కావాలి. మామూలు లెక్కకు తలకిందులుగా కనిపించినా వాస్తవం ఇదే.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. కొన్ని ఆటలు ఏ రిజల్యూషన్‌లోనైనా ప్రాసెసర్‌ను పిండేస్తాయి: మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, జనాభా పెరిగాక సిటీస్: స్కైలైన్స్ 2, మూడో అంకంలో నగరంలోకి అడుగుపెట్టాక బాల్డర్స్ గేట్ 3, జనసమ్మర్దం సెట్టింగు పెంచిన సైబర్‌పంక్ 2077 అలాంటివి. రెండోది, డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ వంటి అప్‌స్కేలింగ్, అంటే తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్ద తెరకు సాగదీయడం. 4కే మానిటర్‌పై డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ పెడితే ఆట లోపల గీసేది 1440పీనే. గ్రాఫిక్స్ కార్డుకు ఊపిరి అంది ఫ్రేములు పెరుగుతాయి, దాంతో అప్పటిదాకా దాగిన ప్రాసెసర్ పరిమితి బయటపడుతుంది. ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కల్పిత ఫ్రేములు చొప్పించడం) చూపించే పెద్ద అంకెలను ఈ లెక్కలోకి తీసుకోకండి. అవి ప్రాసెసర్ లెక్కించిన ఫ్రేములు కావు, ఆట స్పందన వాటివల్ల చురుకవదు.

రెండో అడుగు: ఉన్న కంప్యూటర్‌ను పరీక్షించండి

ఇప్పటికే కంప్యూటర్ ఉన్నవారు కొత్త ప్రాసెసర్‌కు డబ్బు తీసేముందు అరగంట వెచ్చించి ఈ పరీక్ష చేయాలి. చాలామందికి ఆ ఖర్చే తప్పుతుంది.

1. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌ను దానితో వచ్చే రివాట్యూనర్‌తో కలిపి వేసుకోండి. ఉచితమే. ఆట నడుస్తుండగా ఫ్రేముల సంఖ్య, గ్రాఫిక్స్ కార్డు వినియోగం, ఒక్కో థ్రెడ్ వినియోగం తెర మూలన కనిపించేలా పెట్టుకోండి.
2. ఆటలో వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టడి చేసే సెట్టింగు), ఫ్రేముల పరిమితి తీసేయండి.
3. మెనూలోనో ఖాళీ మైదానంలోనో కాకుండా, ఆట బాగా నెమ్మదించే చోటికి వెళ్లండి. జనం, పేలుళ్లు, నగరం నడిబొడ్డు ఉన్న చోటే అసలు పరీక్ష.
4. అక్కడ గ్రాఫిక్స్ కార్డు వినియోగం 95 శాతం పైన ఉంటే అడ్డంకి ఆ కార్డే. ప్రాసెసర్ మార్చినా ఫ్రేములు పెరగవు.
5. అది 60, 70 శాతం దగ్గరే తిరుగుతూ ఫ్రేములు చాలకపోతే రిజల్యూషన్‌ను 720పీకి దించండి. అప్పుడు కూడా ఫ్రేములు పెరగకపోతే మీ ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి అదే.

ఇక్కడ చాలామంది టాస్క్ మేనేజర్‌ను నమ్మి తప్పుడు నిర్ణయానికి వస్తారు. "ప్రాసెసర్ వినియోగం 35 శాతమే, ఇంకా బోలెడు మిగిలి ఉంది" అనుకుంటారు. ఆ అంకె అన్ని థ్రెడ్ల సగటు. 12 థ్రెడ్లున్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ నూరు శాతం నిండినా మొత్తంలో అది 8 శాతంగానే కనిపిస్తుంది. చాలా ఆటల్లో కీలకమైన పనంతా ఒక ప్రధాన థ్రెడ్ మీద నడుస్తుంది, మిగతావి దానికోసం ఎదురుచూస్తాయి. కాబట్టి మొత్తం అంకెను పక్కనపెట్టి, గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటోందా అన్నది చూడండి. ఖాళీగా ఉంటే దానికి పని అందించాల్సిన ప్రాసెసర్ వెనకబడిందని అర్థం.

ప్రాసెసర్‌దే తప్పని తేల్చే ముందు ర్యామ్ వైపు ఒక చూపు వేయండి. మన దగ్గర కట్టించే కంప్యూటర్లలో "తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు" అని ఒకే ర్యామ్ కర్ర పెట్టి పంపడం ఆనవాయితీ. ఒక్క కర్రతో మెమరీ సగం వెడల్పుతోనే పనిచేస్తుంది. అలాంటిదే రెండోది జతచేస్తే కొన్ని ఆటలు కొత్త ప్రాసెసర్ పెట్టినంతగా మెరుగవుతాయి. అలాగే కొత్త ఆట మొదలుపెట్టినప్పుడు షేడర్లు (వెలుగు, రంగులు లెక్కించే చిన్న ప్రోగ్రాములు) తయారవుతూ వచ్చే కుదుపులను ఏ ప్రాసెసర్ కూడా పూర్తిగా పోగొట్టలేదు. అది ఆట రాసినవారి లోపం.

కంప్యూటర్ ఇంకా లేనివారు రెండు రకాల సమీక్షలు ముందు పెట్టుకోవాలి. ప్రాసెసర్ సమీక్షలను అత్యంత శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డుతో 1080పీలో చేస్తారు. అందులో కనిపించేది ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి. గ్రాఫిక్స్ కార్డు సమీక్షలో మీ రిజల్యూషన్ దగ్గర కనిపించేది కార్డు స్థాయి. ఒక ఆటలో ప్రాసెసర్ 180 ఇవ్వగలిగి, కార్డు 95 ఇస్తే మీకు వచ్చేది 95. ఆ ప్రాసెసర్ స్థానంలో 250 ఇచ్చేది పెట్టినా 95 దాటదు. సగటు ఫ్రేములతోపాటు "1 శాతం కనిష్ఠం" అనే అంకెను కూడా చూడండి. అత్యంత నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల నుంచి లెక్కకట్టేది అది. సగటు 140 ఉండి కనిష్ఠం 45 అయితే ఆట చేతికి కుదుపుగానే తగులుతుంది.

మూడో అడుగు: డబ్బా మీది అంకెల్లో ఏవి చదవాలి

కోర్ల విషయం త్వరగా తేలుతుంది. కొత్తగా కొనేవారు 6 కోర్లకు తగ్గొద్దు. 8 ఉంటే నిశ్చింత. కేవలం ఆటలకే అయితే ఆపై కోర్లకు పెట్టే డబ్బు గ్రాఫిక్స్ కార్డుకు పెట్టడం మేలు. ఇంటెల్‌లో ఇంకో మెలిక ఉంది. ఐ5-14600కేలో 14 కోర్లని రాసి ఉన్నా, అందులో వేగంగా పనిచేసేవి 6, తక్కువ విద్యుత్తుతో చిన్న పనులు చేసేవి 8. ఆటల బరువు మోసేది ఆ ఆరే. కోర్ల మోజును సొమ్ము చేసుకునే ఇంకో సరుకు పాత సర్వర్ల నుంచి తీసిన జియాన్ ప్రాసెసర్లు. 2014 నాటి ఈ5-2670 వీ3లో 12 కోర్లున్నా అత్యధిక వేగం 3.1 గిగాహెర్ట్జ్ మాత్రమే. ఆటలకు పనికివచ్చేది ఒక్కో కోర్ వేగం, అది అందులో లేదు. పైగా విండోస్ 11 దాన్ని అధికారికంగా స్వీకరించదు. వాలొరెంట్ వంటి ఆటలు విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు అడుగుతాయన్నదీ గుర్తుంచుకోండి.

గిగాహెర్ట్జ్ అంకెలను ఒకే తరంలోని ప్రాసెసర్ల మధ్యే పోల్చాలి. అక్కడ కూడా అవి ఒక్కోసారి మోసం చేస్తాయి. ఇంటెల్‌కు పోటీ సంస్థ ఏఎండీ తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్ గరిష్ఠ వేగం 4.7 గిగాహెర్ట్జ్. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీ వేగం 4.5 మాత్రమే. కోర్లు రెండింటిలోనూ ఎనిమిదే. ఆటల్లో గెలిచింది మాత్రం రెండోదే, అదీ చాలా ఆటల్లో స్పష్టమైన తేడాతో. 5800ఎక్స్‌లో 32 ఎంబీ ఉండే ఎల్3 క్యాష్‌ను (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీని) ఎక్స్3డీలో మరో పొర పేర్చి 96 ఎంబీ చేయడమే అందుకు కారణం.

క్యాష్ ఎందుకింత ముఖ్యమో కాస్త నిదానంగా చూద్దాం. పోపు వేసేటప్పుడు ఆవాలు పక్కనున్న పోపుల పెట్టెలో ఉంటే క్షణం పని, వీధి చివర కొట్టుకు వెళ్లాలంటే నూనె మాడిపోతుంది. ప్రాసెసర్‌కు ఎల్3 క్యాష్ ఆ పెట్టె, ర్యామ్ ఆ కొట్టు. క్యాష్ నుంచి సమాచారం రావడానికి సుమారు 10 నానోసెకన్లు పడితే, ర్యామ్ నుంచి రావడానికి 70, 80 పడుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే కోర్‌కు 80 నానోసెకన్లంటే 400 చక్రాలు వృథాగా గడిచిపోవడం. వీడియో మార్పిడి వంటి పనుల్లో తర్వాత ఏ సమాచారం కావాలో ముందే ఊహించి తెప్పించుకోవచ్చు. ఆటలో అది కుదరదు. మీరు ఎటు తిరుగుతారో, ఏ తలుపు తెరుస్తారో, ఏ గుంపులోకి దూరుతారో ఎవరికి తెలుసు? సమాచారం మెమరీ అంతటా చెల్లాచెదురుగా ఉంటుంది. అందుకే పెద్ద క్యాష్ సగటు కన్నా ఆ 1 శాతం కనిష్ఠాన్ని ఎక్కువగా పైకి లాగుతుంది.

ఇదే కారణంగా రైజెన్ 5 5500ను, 5600ను ఒకే గాటన కట్టకండి. పేరులో వంద తేడాయే అయినా 5500లో క్యాష్ 16 ఎంబీ, 5600లో 32. పైగా గ్రాఫిక్స్ కార్డును కలిపే దారి అయిన పీసీఐఈలో 5500 పాత 3.0 దగ్గరే ఆగిపోతుంది. నాలుగు లేన్లే ఉన్న ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి చవక కార్డు దానికి తగిలిస్తే కార్డు శక్తిలో కొంత దారిలోనే పోతుంది. దుకాణంలో ఈ రెండింటి ధరల తేడా చిన్నదైతే రెండో ఆలోచన వద్దు, 5600 తీసుకోండి.

పేరు చివరి అక్షరాల సంగతి క్లుప్తంగా: ఇంటెల్‌లో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదు, విడిగా కార్డు ఉండి తీరాలి. కే అంటే వేగం పెంచుకునే వీలుంది, దానికి జడ్ శ్రేణి బోర్డు కావాలి. ఏఎండీలో జీ అంటే ఆటలకు కొంతవరకు సరిపోయే గ్రాఫిక్స్ లోపలే ఉంది, ఎక్స్3డీ అంటే పెద్ద క్యాష్.

నాలుగో అడుగు: సాకెట్

సాకెట్ అంటే మదర్‌బోర్డుపై ప్రాసెసర్ కూర్చునే గూడు. ప్రాసెసర్ కొంటున్నామంటే దాని మదర్‌బోర్డు భవిష్యత్తును కూడా కొంటున్నట్టే. 2017లో మొదటి తరం రైజెన్‌ను ఏఎం4 సాకెట్ బోర్డుపై పెట్టుకున్నవారిలో చాలామంది, బయోస్ (బోర్డు లోపలి మూల సాఫ్ట్‌వేర్) మార్చుకుని అదే బోర్డులో 5800ఎక్స్3డీని వాడగలిగారు. ఇంటెల్ వినియోగదారులకు ఆ సౌకర్యం అరుదు.

ఏఎం4 ఇప్పుడు ముగింపు దశలో ఉంది, కొత్త తరాలు రావు. కానీ డీడీఆర్4 అనే పాత తరం ర్యామ్‌తో నడుస్తుంది కాబట్టి చేతిలో పాత ర్యామ్ ఉన్నవారికి ఇంకా మంచి బేరమే. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాక ఈ అంశానికి విలువ పెరిగింది. 2022లో వచ్చిన ఏఎం5 డీడీఆర్5ను మాత్రమే తీసుకుంటుంది. కనీసం 2027 దాకా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. కొత్తగా మొదలుపెట్టి, మూడు నాలుగేళ్లకు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవారు ఇందులోకే వెళ్లాలి.

ఇంటెల్ ఎల్‌జీఏ1700లో 12, 13, 14 తరాలు పడతాయి. బోర్డును బట్టి డీడీఆర్4 గానీ డీడీఆర్5 గానీ వాడొచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక. 13, 14 తరాల ఎగువ శ్రేణి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. సవరణ కొత్త నష్టాన్ని ఆపుతుంది గానీ జరిగిన నష్టాన్ని సరిచేయదు. కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఐ7, ఐ9ల జోలికి పోకండి, ధర ఎంత ఊరించినా సరే. 12వ తరానికి ఈ జబ్బు లేదు. 2024 అక్టోబరులో ఎల్‌జీఏ1851 సాకెట్‌తో వచ్చిన కోర్ అల్ట్రా 200 శ్రేణి విద్యుత్తు తక్కువే వాడుతుంది కానీ, విడుదల నాటికి చాలా ఆటల్లో సొంత పాత తరం కన్నా వెనకే నిలిచింది. ఆటలకే అయితే ధర బాగా తగ్గినప్పుడు తప్ప దాన్ని సిఫారసు చేయను.

ఐదో అడుగు: పేర్లు

1080పీలో 60 నుంచి 75 హెర్ట్జ్, మధ్యస్థమైన కార్డు: ఐ5-12400ఎఫ్ లేదా రైజెన్ 5 5600. రెండూ 6 కోర్లు, 12 థ్రెడ్లవి. ఏది బోర్డుతో కలిపి చవకగా వస్తే అది.

1080పీ లేదా 1440పీలో 144, 165 హెర్ట్జ్: రైజెన్ 5 7600. డబ్బాలో కూలర్ కూడా వస్తుంది. ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే పేరు. లోపలి గ్రాఫిక్స్ అక్కర్లేకపోతే 7500ఎఫ్ చూడండి. కొంచెం కొత్తది కావాలంటే 9600ఎక్స్, దానికి కూలర్ విడిగా కొనాలి.

240 హెర్ట్జ్ పోటీ ఆటలు, లేదా సిమ్యులేషన్ ఆటలు: 2023 నాటి రైజెన్ 7 7800ఎక్స్3డీ, లేదా 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీ. రెండింటిలోనూ 8 కోర్లు, 96 ఎంబీ క్యాష్. 9800లో క్యాష్ పొరను కోర్ల కిందికి మార్చారు, దాంతో కోర్ల వేడి నేరుగా కూలర్‌కు చేరి వేగం 5.2 గిగాహెర్ట్జ్‌కు పెరిగింది. "16 కోర్ల 7950ఎక్స్3డీ ఇంకా మేలు కదా" అని అడుగుతారు. అందులో రెండు చిప్పులుంటాయి, అదనపు క్యాష్ ఒకదాని మీదే ఉంటుంది. ఆట సరైన చిప్పు మీద నడిచేలా విండోస్ చూసుకోవాలి. ఎడిటింగ్ వంటి పని కూడా ఉంటే తప్ప ఆ తలనొప్పి అనవసరం.

ఇప్పటికే ఏఎం4 బోర్డు మీద పాత రైజెన్ ఉన్నవారికి: దొరికితే 5700ఎక్స్3డీ, దొరక్కపోతే 5600. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనలేనివారికి: 8600జీ లేదా 8700జీ, తప్పనిసరిగా రెండు ర్యామ్ కర్రలతో. అయితే వాటిలో క్యాష్ 16 ఎంబీయే కాబట్టి, ఆరు నెలల్లో ఎలాగూ కార్డు కొంటాననుకునేవారు ఆ ఆరు నెలలూ ఓపిక పట్టి 7600 తీసుకోవడమే మంచిది.

ఆరో అడుగు: మన ఎండలు, మన కరెంటు

సమీక్షలు రాసేవారి గదుల్లో 22, 23 డిగ్రీలుంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో అంతకు పదిహేను డిగ్రీలు ఎక్కువే. గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే అదనంగా వేడెక్కుతుంది. సమీక్షలో 75 అని చూసింది మీ ఇంట్లో 90 అవుతుంది. 7800ఎక్స్3డీ పరిమితి 89 డిగ్రీలు, అది చేరగానే వేగం తనంతట తానే తగ్గిపోతుంది. అయితే ఆ ప్రాసెసర్ ఆటల్లో విద్యుత్తు తక్కువే లాగుతుంది కాబట్టి మంచి ఎయిర్ కూలర్ చాలు. ఐ9-14900కే అలా కాదు, దాని గరిష్ఠ విద్యుత్ పరిమితి 253 వాట్లు.

యూపీఎస్ ఉన్నవారు దాని సామర్థ్యం కూడా లెక్కేసుకోండి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు మోస్తుంది. 200 వాట్ల కార్డు, 65 వాట్ల ప్రాసెసర్, మానిటర్ దానిమీద గట్టెక్కుతాయి. కరెంటు పోయిన మరుక్షణం ఆట ఆపి, కంప్యూటర్ కట్టేసే వ్యవధి దొరుకుతుంది. 250 వాట్ల ప్రాసెసర్‌తో ఆ యూపీఎస్ కీచుమని అరిచి ఆగిపోతుంది.

ఏడో అడుగు: కొనేటప్పుడు

ట్రే ప్రాసెసర్, బాక్స్ ప్రాసెసర్ అని రెండు ధరలు చెబుతారు. బాక్స్‌కు కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. ట్రే అంటే డబ్బా లేకుండా విడిగా వచ్చింది, వారంటీ బాధ్యత అమ్మినవారిదే. దుకాణం మీద నమ్మకం ఉండి, తేడా గణనీయంగా ఉంటేనే ట్రే తీసుకోండి. డబ్బా సీలు మీ ముందే తెరవమనండి. డబ్బా మీది సీరియల్ సంఖ్య, ప్రాసెసర్ లోహపు మూత మీద చెక్కిన సంఖ్య, బిల్లు మీది సంఖ్య మూడూ కలవాలి. జీఎస్టీ బిల్లు లేకుండా తగ్గించే డబ్బు, వారంటీ అవసరమైన రోజున అంతకు అంత వసూలు చేసుకుంటుంది. అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో తెప్పించుకునేవారు, ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో వారు కొనకముందే అడిగి చూడమనండి.

పాత ఏఎం4 ప్రాసెసర్ కొంటే అడుగున పిన్నులు వెలుతురులో వరుసగా చూడండి, ఒక్కటి వంగినా బేరం వద్దు. ఏఎం5, ఇంటెల్ వాటికి పిన్నులు బోర్డు మీద ఉంటాయి కాబట్టి అక్కడ బోర్డు చూడాలి. కొత్త ప్రాసెసర్‌ను పాత నిల్వలోని బోర్డుతో కలిపి కొంటే, బయోస్ నవీకరించి ఇవ్వమని దుకాణంలోనే అడగండి. లేకపోతే ఇంటికి తెచ్చాక తెర వెలగదు.

ఎనిమిదో అడుగు: బిగించాక

ఏఎం5 కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేయగానే కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండిపోవచ్చు. బోర్డు ర్యామ్‌ను సర్దుబాటు చేసుకుంటోంది, కంగారుపడి స్విచ్ ఆపకండి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో, ఇంటెల్ అయితే ఎక్స్ఎంపీ, అనే ర్యామ్ వేగపు సెట్టింగును ఆన్ చేయండి. 6000 వేగపు ర్యామ్‌కు డబ్బు కట్టినా ఇది ఆన్ చేయకపోతే అది తక్కువ వేగంతోనే నడుస్తుంది. ఇంటెల్ 13, 14 తరాలవారు బయోస్‌ను తాజాగా మార్చాకే ఆట మొదలుపెట్టాలి. పాత ఏఎం4 ప్రాసెసర్ తీసేవారు ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పేస్టు వెచ్చబడ్డాక ఆపి, కూలర్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పి తీయండి. చల్లగా ఉన్నప్పుడు నేరుగా లాగితే ప్రాసెసర్ కూడా దానికి అంటుకుని ఊడి వస్తుంది.

మానిటర్ తీగను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టండి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు ఎంత ఉందో కూడా చూడండి. 165 హెర్ట్జ్ మానిటర్ అయినా చాలాసార్లు అది 60 దగ్గరే ఉంటుంది, మీరు మార్చేదాకా అక్కడే ఉంటుంది.